ఎరుగని వారికి కన్నీళ్లు, అయినవారికి ‘ఓం శాంతి’: తేడా ఎక్కడ వచ్చింది?

ప్రశ్న: కృష్ణకెరటం (హైదరాబాదు)

2025 సెప్టెంబరు 25కు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పోయి ఐదేళ్లు నిండాయి. ఆ రోజు పొద్దున్నే నా ఫోను, 2020లో నేను రాసుకున్న నివాళిని ‘జ్ఞాపకం’ అంటూ తెచ్చి నా ముందు పెట్టింది. చదువుకుంటే అది అబద్ధంగా అనిపించలేదు, కానీ ఒక పాత ప్రశ్న మళ్లీ తలెత్తింది.

ఆ ఏడాది ఆగస్టు 5న ఆయన ఆసుపత్రి నుంచి వీడియో పెట్టి, కాస్త జలుబు, జ్వరం తప్ప మరేమీ లేదని, ఎలా ఉన్నానో కనుక్కోవడానికి ఎవరూ ఫోన్లు చేయవద్దని చెప్పారు. అది మొదలు సెప్టెంబరు 25 మధ్యాహ్నం ఒంటిగంట నాలుగు నిమిషాలకు మరణించారన్న వార్త దాకా, యాభై రోజులకు పైగా, ఆసుపత్రి బులెటిన్ కోసం మా ఇంటి మనిషే లోపల ఉన్నట్టు ఎదురుచూశాను. ఆగస్టు 20 సాయంత్రం ఆరింటికి ఇళయరాజా గారు, మరికొందరు సామూహిక ప్రార్థనకు పిలుపునిస్తే డాబా మీదకు వెళ్లి ఆయన పాట పెట్టుకుని నిలబడ్డాను. 24న పరీక్షలో నెగెటివ్ వచ్చిందన్న వార్తను పది గ్రూపుల్లోకి పంపి, అది వట్టి పుకారని ఆయన కుమారుడు చరణ్ గారు చెప్పాక, ఒక్కో గ్రూపులోకి వెళ్లి సిగ్గుపడుతూ తుడిచేశాను. ఆయన పోయిన రోజు రాత్రి నిజంగానే అన్నం సహించలేదు.

అదే ఏడాది నవంబరులో మా బాబాయి గుండెపోటుతో పోయారు. మా నాన్నగారు ఉద్యోగరీత్యా ఊరూరూ తిరుగుతున్న రోజుల్లో నన్ను మూడేళ్లు తన ఇంట్లో ఉంచుకుని చదివించిన మనిషి. కరోనా భయం ఉండనే ఉంది, ఊరు వెళ్లలేదు. కుటుంబం గ్రూపులో అప్పటికే ముప్పై ఒక్క సందేశాలు ఉన్నాయి, అన్నీ ఆ రెండు మాటలే. నేను ‘ఓం’ అని టైపు చేసేసరికి ‘శాంతి’ అన్న మాటను, దాని పక్కన దండం పెట్టే చేతులను ఫోనే అందించింది. నేను చేసిందల్లా వేలితో ఒకసారి తాకడం. ఆ రాత్రి భోజనం మామూలుగానే చేశాను. మా అమ్మ చాలా రోజుల తరువాత ఒకే ఒక్కసారి అడిగింది: “ముఖం చూడని మనిషికి పస్తున్నావు. మీ బాబాయికి నీ దగ్గర రెండు ముక్కలేనట్రా?”

దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను బాలు గారి కోసం పడ్డది దుఃఖమేనా, లేక నలుగురితో కలిసి ఏడవడంలో ఉండే ఒక రకమైన హాయా? సామాజిక మాధ్యమాలు వచ్చాక మనం ఎరుగనివారి చావుకు ఇంతగా చలించడం, ఎరిగినవారి చావుకు ఇంత పొదుపుగా మాట్లాడడం ఒకే అలవాటుకు రెండు ముఖాలా? నన్ను సమాధానపరచాలని కాకుండా, నిజంగా ఏమనుకుంటున్నారో రాయండి.


జవాబు: పాతపేజీ (విజయవాడ)

కృష్ణకెరటం గారూ, నేను ముప్పై ఏళ్లు పత్రికల్లో డెస్కు మీద పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. చావు వార్తలు రాయడం, దిద్దడం నా బతుకులో పెద్ద భాగం.

ఎరుగని మనిషి కోసం జనం ఏడవడం సెల్‌ఫోను తెచ్చిపెట్టిన జబ్బేమీ కాదు. 1952 డిసెంబరు 15 రాత్రి, 58 రోజుల నిరాహారదీక్ష తరువాత మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచినప్పుడు, ఆంధ్ర జిల్లాల్లో వీధుల్లోకి వచ్చిన వేలమందిలో ఆయనను ఒక్కసారైనా చూసినవారు ఎందరుంటారు? నాలుగు రోజులకే, 19వ తేదీన, నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించవలసి వచ్చింది. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు పోయిన వార్త రేడియోలో వినగానే మా వీధి చివర కిళ్లీకొట్టు ఆయన, ఎవరూ చెప్పకుండానే, కొట్టు తలుపులు సగం వేసేశాడు. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. 1996 జనవరి 18న ఎన్టీ రామారావు గారు మరణించి, పార్థివదేహాన్ని హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఉంచినప్పుడు, బస్సుల్లోనూ లారీల్లోనూ ఎక్కివచ్చి వరుసలో నిలబడినవారిని మా విలేకరులు ‘ఎందుకు వచ్చారు’ అని అడిగితే, చాలామంది ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశారట.

కాబట్టి మీది దుఃఖమేనా అన్న అనుమానం పెట్టుకోకండి. నా అనుమానం వేరే చోట ఉంది.

డెస్కులో ఒక పద్ధతి ఉండేది. పెద్దవారెవరైనా ఆసుపత్రిలో చేరారంటే వారి పేజీ సిద్ధమైపోయేది. పుట్టిన ఊరు, చదువు, బిరుదులు, అరుదైన ఫొటోలు పేర్చి, తేదీ మాత్రం ఖాళీగా వదిలేవాళ్లం. అలా పేజీ కట్టిన ఒకాయన కోలుకుని ఇంటికి వెళ్లి మరో పదకొండేళ్లు బతికారు. కొత్త సన్మానం జరిగినప్పుడల్లా నేనే ఆ పేజీ తీసి ఒక వాక్యం చేర్చేవాణ్ణి. ఇక మాటలంటారా, అవి అప్పుడూ అరువువే. ‘తుదిశ్వాస విడిచారు’, ‘మూగబోయిన గళం’, ‘తీరని లోటు’. మా చీఫ్ సబ్ఎడిటరు గారు “రోజుకు నాలుగు తీరని లోట్లు అచ్చేస్తున్నాం, అయినా రాష్ట్రం ఎలా నడుస్తోందయ్యా” అనేవారు. కనుక ‘ఓం శాంతి’ని ఫోను అందించిందని మీరు అంతగా కుంగిపోనవసరం లేదు. చావు దగ్గర మనిషికి సొంత మాట దొరకడం ఎప్పుడూ అరుదే.

అయితే మాట అరువుదైనా పని సొంతంగా ఉండేది. పరామర్శ అంటే పూర్వం మాటలు కావు, పనులు. శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి వెలిగించకపోవడం, పక్కింటివారు కాఫీ కాచి, వంట చేసి పంపడం, పాడె కట్టడానికి వెదురు కోసం పరుగెత్తడం, పొరుగూళ్లకు కబురు చేరవేయడం. చావు ఇంట్లోవాళ్లు వచ్చినవారిని ‘రండి’ అనరు, వెళ్లేవారు ‘వెళ్లొస్తాం’ అనరు. మాటలను అంత జాగ్రత్తగా తగ్గించిన ఆచారం మనది. బాధ ఉన్నా లేకున్నా వెళ్లి ఆ అరుగు మీద గంటసేపు కూర్చోవడం తప్పనిసరి. కూర్చున్నాక బాధ దానంతట అదే వచ్చేది, రాకపోయినా అడిగేవారు లేరు. సినిమావారు, నాయకులు పోయినప్పుడు ఈ పనులేవీ మన మీద పడవు కనుక మాటలతో సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు జరిగిందేమిటంటే, ఎరుగనివారికి చేసే ఆ మాటల సంతాపాన్నే తెచ్చి ఎరిగినవారికీ పెడుతున్నాం. మీరు బాలు గారికి ఎక్కువ ఏడ్వలేదు. మీ బాబాయి గారిని కూడా బాలు గారి వరుసలో నిలబెట్టారు. తక్కువైంది అక్కడ.

ఇంకొక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో చావు కబురుతో కార్డు వస్తే చదివిన వెంటనే చించి బయట పారేసేవారు, ఇంట్లో ఉంచుకునేవారు కారు. పసుపు పూసిన శుభలేఖ మాత్రం చూరులో నాలుగేళ్లుండేది. మీ ఫోను ఆ చించేసిన కార్డు ముక్కలను ఏటేటా అతికించి తెచ్చి ఇస్తోంది.


జవాబు: మల్లెపందిరి (డాలస్)

పాతపేజీ గారి మాటల్లో చాలా నిజం ఉంది కానీ, అది చావు ఇంటికి నడిచి వెళ్లగల దూరంలో ఉన్నవారి నిజమని నాకు అనిపిస్తోంది. మాలాంటివారికి అరుగు ఎక్కడిది?

మా నాన్నగారు 2017లో గుంటూరులో పోయారు. రెండు విమానాలు, ఒక కారు మారి నేను ఇల్లు చేరేసరికి అస్థికలు మట్టికుండలో చెట్టుకు వేలాడుతున్నాయి. ఆ పదకొండు రోజులూ నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు; వంటవాళ్ల బేరం, పెద్దకర్మ కార్డులు, బ్యాంకు కాగితాలు, ఫ్లెక్సీలో ఏ ఫొటో వేయాలన్న తగువు. తిరిగి వచ్చిన మూడోనాడే ఆఫీసుకు వెళ్లాను. మా ఆఫీసులో తండ్రి పోతే ఇచ్చే సెలవు కొద్దిరోజులే. ఆ తరువాత మూడేళ్లకు, 2020 సెప్టెంబరులో, తెల్లవారుజామున బాలు గారి వార్త చూసి వంటగదిలో గట్టు పట్టుకుని అలాగే నేల మీద కూలబడిపోయాను. మా వారు కంగారుపడి ఇంటి నుంచి ఏదైనా ఫోను వచ్చిందా అని అడిగారు. వచ్చినట్టే అయింది. గడ్డం గీసుకుంటూ మా నాన్న ఆయన పాటలే పాడేవారు, అదీ చరణం తప్పుగా. నాన్నకు పడవలసిన ఏడుపు ఆయన పేరు మీద పడింది.

మా అమ్మాయి కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఇలాంటి ఏకపక్ష బంధానికి డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు 1956లోనే ‘పారాసోషల్’ అని పేరు పెట్టారని, తెర మీది మనిషి తనతోనే మాట్లాడుతున్నట్టు చూసేవారికి కలిగే భావన అదని చెప్పింది. నేను ఒప్పుకోలేదు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి ఆయన పోటీకి వచ్చిన పిల్లలకు ఉచ్చారణ దిద్దుతూ ఉంటే, మా ఇంట్లో సోఫాలో కూర్చున్న నేనూ నా ‘ళ’ను సరిచేసుకునేదాన్ని. నాకు తెలుగు చెప్పిన మాస్టార్లలో ఆయన ఒకరు. మాస్టారు మనల్ని గుర్తుపట్టకపోతే ఆయన మన మాస్టారు కాకుండా పోతారా?

కృష్ణకెరటం గారూ, మీ విషయంలోనూ ఇలాంటిదేదో ఉండి ఉండవచ్చు. వెతికి చూడండి.


జవాబు: లాల్‌బాగ్ నీడ (బెంగళూరు)

‘ఎరుగనివారి సంతాపం వట్టి మాటలే’ అన్నదానికి ఒక్క అభ్యంతరం. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ గారు నలభై ఆరేళ్లకే పోయినప్పుడు నేను కంఠీరవ స్టేడియం బయట వరుసలో ఉన్నాను. నేను తెలుగువాణ్ణి, ఆయన సినిమాలు చూసింది రెండో మూడో. మా వీధిలో పాలు పోసే కుర్రవాడు వస్తావా అంటే వెళ్లాను. ఆయన కళ్లను కుటుంబంవారు దానం చేశారు. వైద్యులు ఆ రెండు కళ్ల శుక్లపటలాలను (కార్నియాలను) పొరలుగా విడదీసి నలుగురికి చూపు తెప్పించారు. ఆ వార్త ఫోన్లలో తిరిగిన తరువాత కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు నమోదు చేసుకునేవారు వెల్లువలా వచ్చారు. మా పాల కుర్రవాడూ నమోదు చేసుకున్నాడు, నేనూ చేసుకున్నాను. పాతపేజీ గారు పని కావాలన్నారు కదా, ఇది పనే. ఫోను లేకపోతే ఇది జరిగేది కాదు.


జవాబు: పాతపేజీ (విజయవాడ)

లాల్‌బాగ్ నీడ గారి అభ్యంతరాన్ని ఒప్పుకుంటున్నాను. అయితే జనశోకం ఎటు ప్రవహిస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి గారు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన తరువాత, ఆ వార్త తట్టుకోలేక చనిపోయారని చెప్పిన వారి కుటుంబాలను పరామర్శించడానికి 2010లో ఆయన కుమారుడు ఓదార్పు యాత్ర మొదలుపెట్టారు. తండ్రిని పోగొట్టుకున్న ఇంటివారిని ఊరు ఓదార్చడం మన ఆచారం. ఇక్కడ ఆ ఇంటివారే ఊళ్లకు వెళ్లి ఓదార్చారు. దాని రాజకీయం గురించి వాదన పెట్టుకోవాలని నాకు లేదు. నాకు ఆసక్తి కలిగించింది మాట. అంతదాకా మా డెస్కులో ‘ఓదార్పు’ లోపలి పేజీల మాట. ఆ ఏడాది మొదటి పేజీ మాట అయింది.


జవాబు: పేరు వద్దు

ఇంతమంది ఇంత ఆలోచించి రాస్తున్నారు కనుక, అవతలి వైపు నుంచి కూడా ఒకరు రాయాలని రాస్తున్నాను.

మా తమ్ముడు మూడేళ్ల క్రితం ఒక ప్రమాదంలో పోయాడు. అది ఏ ప్రమాదమో చెప్పను. చెబితే ఆ రోజు మీరు పెట్టిన పోస్టు మీలో కొందరికి గుర్తుకు రావచ్చు.

మాకు ఆసుపత్రి నుంచి కబురు అందేలోగానే వాడి ఫొటో బయటికి వెళ్లిపోయింది. వాడి ఫేస్‌బుక్ పేజీలో నుంచి ఎవరో తీసుకున్న ఫొటో అది, మా పిన్ని కూతురి బారసాలలో ఆ పసిపాపను ఎత్తుకుని నవ్వుతున్నది. సాయంత్రానికి దాని కింద విషాద సంగీతం చేరింది, ‘కన్నబిడ్డను అనాథను చేసి’ అన్న శీర్షిక చేరింది. మా తమ్ముడికి పెళ్లే కాలేదు. వేలమంది ఆ బిడ్డ కోసం ఏడ్చారు, బిడ్డ చదువుకు డబ్బు ఏ ఖాతాకు పంపాలని అడిగారు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. కానీ వాళ్లు ఏడ్చిన మనిషి మా ఇంట్లో పుట్టలేదు. మా పిన్ని కూతురు తన పాప ఫొటో తీసివేయమని ఒక్కొక్కరినీ బతిమాలుకుంటూ ఉంటే, కొందరు ‘ఇది మా నివాళి, అడగడానికి నువ్వెవరు’ అన్నారు. వాడి పేరును ఒత్తు లేకుండా రాశారు, అదే నిలిచిపోయింది. ఇప్పటికీ వెతికితే తప్పుడు పేరుతోనే దొరుకుతాడు.

పదకొండో రోజున ఒకాయన వచ్చాడు. ప్రమాదం జరిగిన చోట మోగుతున్న వాడి ఫోను ఎత్తి, మా అమ్మకు ఆ మాట చెప్పవలసి వచ్చిన మనిషి. చిరునామా ఎలా కనుక్కున్నాడో తెలియదు. గేటు బయటే చెప్పులు విడిచి, వేసి ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కాకుండా మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ బయటికి వచ్చి ఆయన గొంతు విని గుర్తుపట్టింది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఫోను తాను ఎత్తకుండా ఉండాల్సిందేమో అని ఆయన అన్నాడు, నువ్వు ఎత్తబట్టే నాకు మనిషి గొంతుతో తెలిసింది నాయనా అని అమ్మ అన్నది. అరగంట తరువాత లేచి, పాతపేజీ గారు చెప్పినట్టే, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆయనా ఎరుగని మనిషే.

2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలి, విమానంలోని 242 మందిలో ఒక్కరు తప్ప అందరూ, కింద ఉన్నవారిలో 19 మంది మరణించినప్పుడు, విమానంలో కూర్చున్నాక ఒక కుటుంబం తీసుకున్న సెల్ఫీ గంటల్లో దేశమంతా తిరిగింది. అది నా ఫోనుకు నాలుగుసార్లు వచ్చింది. దాన్ని పంపినవారిలో మా తమ్ముడి చావు నాటి రభసను కళ్లారా చూసిన బంధువు కూడా ఉన్నాడు.

ఒక సహాయం కావాలి. వాడి ఖాతా ఇంకా అలాగే ఉంది. ప్రతి మార్చిలో పుట్టినరోజు అని అందరికీ చెబుతుంది, సంగతి తెలియనివారు ‘పార్టీ ఎప్పుడు’ అని రాస్తారు. అమ్మ అవి చదువుతుంది. ఖాతా మూసేయాలని నాకు ఉంది, కానీ వాడి ఫొటోలన్నీ అక్కడే ఉన్నాయి. ఏం చేయవచ్చో తెలిసినవారు చెప్పగలరా?


జవాబు: కృష్ణకెరటం (హైదరాబాదు)

పేరు చెప్పని మిత్రమా, మీ జవాబును రెండుసార్లు చదివాను. మీ తమ్ముడి ప్రమాదం ఏదో నాకు తెలియదు. అయినా ఆ మూడేళ్ల కిందటి నా పోస్టులన్నీ వెనక్కి వెళ్లి చూసుకున్నాను. ప్రమాదాల్లో పోయిన పదకొండు మంది అపరిచితుల ఫొటోలు నా పేజీలో ఉన్నాయి. ఎవరినీ అడిగి పెట్టినవి కావు. తీసేశాను.

మల్లెపందిరి గారూ, మీరు వెతికి చూడమన్నారు, చూశాను. మా బాబాయికి పాటలంటే పడదు. రేడియో పెడితే కట్టేయమనేవారు. కాబట్టి నా కన్నీళ్లు మీవాటిలా దారి తప్పి వచ్చినవి కావు. బాలు గారి కోసం ఏడ్చింది బాలు గారి కోసమే. బాబాయి దగ్గరకు వెళ్లకపోవడం మాత్రం, నిజం చెప్పాలంటే, దుఃఖానికి సంబంధించిన విషయమే కాదేమో. పిన్ని ముఖం చూడవలసి వస్తుందన్న బెరుకు. కరోనా ఆ బెరుకుకు మంచి సాకు ఇచ్చింది. అది తగ్గాక కూడా నేను వెళ్లలేదు, ఇంత ఆలస్యంగా వెళ్లి ఏమనాలన్న కొత్త బెరుకు వచ్చిపడింది. పాతపేజీ గారి లెక్కన ఏమీ అననక్కరలేదట. దసరా సెలవులకు వెళ్తున్నాను. ఐదేళ్ల తరువాత వెళ్లేదాన్ని పరామర్శ అంటారో అనరో తెలియదు.


జవాబు: చిక్కుముడి (విశాఖపట్నం)

ఖాతా సంగతికి జవాబు. మూసేయనక్కరలేదు. ఫేస్‌బుక్‌లో మరణించినవారి ఖాతాను స్మారక ఖాతాగా మార్చే ఏర్పాటు ఉంది. సహాయ విభాగంలో ఆ దరఖాస్తు నింపి, మరణ ధ్రువీకరణ పత్రం వంటి ఆధారం జతచేయాలి. మార్చిన తరువాత పేరు పక్కన స్మృత్యర్థం అన్న అర్థం వచ్చే మాట చేరుతుంది, పుట్టినరోజు గుర్తుచేయడం ఆగిపోతుంది, తెలిసినవారేమో అంటూ కొత్తవారికి ఆ ఖాతాను చూపించడం కూడా ఆగుతుంది. ఫొటోలు, పాత పోస్టులు ఎక్కడివి అక్కడే, అంతకుముందు ఎవరికి కనిపించేవో వారికి కనిపిస్తాయి. ఒక్క విషయం ముందే తెలుసుకోండి: ఒకసారి స్మారక ఖాతా అయ్యాక సంకేతపదం తెలిసినా ఎవరూ లోపలికి వెళ్లలేరు. మీ తమ్ముడు బతికి ఉండగా ఖాతా వారసుడిగా (లెగసీ కాంటాక్ట్) ఎవరి పేరైనా అక్కడ నమోదు చేసి ఉంటే వారు ముఖచిత్రం మార్చగలరు, పైన ఒక మాట రాసి పెట్టగలరు. వ్యక్తిగత సందేశాలు మాత్రం వారికీ కనిపించవు. అందువల్ల ఫొటోలను ముందుగా దింపుకుని దాచుకోండి.

తప్పుడు పేరుతో తిరుగుతున్న పోస్టుల విషయంలో ఇంత సులువైన దారి లేదు. ఒక్కొక్కటిగా ఫిర్యాదు చేయాలి. పసిబిడ్డ ఫొటో ఉన్నవాటిని ఆ బిడ్డ తల్లిదండ్రుల చేత చేయించండి, వారి ఫిర్యాదుకు బలం ఎక్కువ.


జవాబు: పేరు వద్దు

ధన్యవాదాలండీ. ధ్రువీకరణ పత్రం నా దగ్గరే ఉంది, అందులో పేరు ఒత్తుతోనే ఉంది. ఈ ఆదివారం అమ్మ పక్కన కూర్చుని ఫొటోలు దింపుకుంటాను. పుట్టినరోజు సందేశాలు ఆగిపోతాయని ఆమెకు ముందే చెప్పాలి. అవి చదువుతున్నప్పుడు ఆమె బాధపడుతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను, ఎప్పుడూ అడగలేదు. వద్దంటే అలాగే ఉంచేస్తాను.